బడి పుస్తకంల లేని అవ్వ

(సిరిసిల్లల మా అవ్వ సంవత్సరీకం నాడు చుట్టాలు, వాడకట్టోళ్లు, ఉద్యమ మిత్రుల ముందర చదివిన ప్రసంగ పాఠం. నలుగురం తోబుట్టువులం కూసోని రాసుకున్నం. చదివింది ఒక్కరు, మాట నలుగురిది.)



ఈ దినానికి కార్డు కొట్టియ్యాలని ప్రెస్సుల ఇచ్చినం. 'మా అవ్వ' అని రాసిచ్చినం. మాపటికి కంప్యూటర్ కాడి పిలగాడు ఫోన్ చేసిండు. "సార్, పోయింది మీ అమ్మనా, అమ్మమ్మనా? అవ్వ అని ఉన్నది, కింద కొడుకులు, బిడ్డలు అని ఉన్నది. ఎక్కడ్నో తప్పు పడ్డది" అన్నడు. ఆ పిలగాడు ఎక్కడోడో కాదు, ఈ సిరిసిల్లల పుట్టినోడే. వాళ్ల నాయిన వాళ్ల తల్లిని అవ్వ అనే పిలుస్తడు. తెలంగాణ 2014 జూన్ 2 నాడు వచ్చింది. పిలగానికి ఇంక ఎవలూ చెప్పలేదు. మేమే పోయి పక్కన కూసోని, తప్పు లేదు బిడ్డా, ఉన్నదున్నట్టు కొట్టు అని చెప్పి వచ్చినం.

ఈ లొల్లి మాకు కొత్త కాదు. మా అన్న మూడో తరగతిల ఉండంగ తల్లి మీద నాలుగు వాక్యాలు రాయుమన్నరు. "మా అవ్వ బీడీలు చేస్తది" అని మొదలు పెట్టిండు. సారు ఎర్ర సిరాతోటి 'అవ్వ' కొట్టేసి 'అమ్మ' అని రాసిండు. 'చేస్తది' కొట్టేసి 'చేస్తుంది' అని రాసిండు. అవ్వంటే ముసలామె, పుస్తకంల బొమ్మ చూడు అన్నడు. పుస్తకంల బొమ్మల తెల్ల వెంట్రుకలు, చేతిల కట్టె. మా అవ్వకు అప్పుడు ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో. అన్న పలక పట్టుకొని ఇంటికొచ్చి అవ్వ మొకం దిక్కు చూసుకుంట కూసున్నడట. ఆ సారు వేరే జిల్లా నుంచి వచ్చినాయన. చెడ్డోడేం కాదు. అన్నకు పరీక్ష ఫీజు ఆయనే కట్టిండు, ఆ మాట కూడ ఇక్కడ చెప్పాలె. చెడ్డతనం ఆయనది కాదు, ఆయన చేతికి ఇచ్చిన పుస్తకానిది. ఆ పుస్తకంల మా అవ్వ లేదు, మా తిండి లేదు, మా వాగు లేదు.

అవ్వ పుట్టిన తారీకు ఎవలకూ తెల్వది. 1948 పోలీస్ యాక్షన్ నాటికి చంకల పిల్ల అని మా అమ్మమ్మ చెప్పేది. రజాకార్ల భయానికి ఊరు ఊరంత చేన్లల్ల పడుకున్న రాత్రి, ఈ పిల్ల ఏడ్వద్దని నోట్లె బెల్లం ముక్క పెట్టిండ్రట. అవ్వ తల్లిగారి ఊరు వేములవాడ దాపున రుద్రవరం. నేతపని ఇల్లు. మగ్గం గుంట ఇంట్లనే. నడుసుడు నేర్వంగనే కండెలు చుట్టుడు నేర్సింది. బడికి పోలేదు. పదహారేండ్లకు సిరిసిల్లకు కోడలై వచ్చింది. పెండ్లి చూపులకు వచ్చినోళ్లు అడిగిన మొదటి మాట, "పిల్లకు బీడీలు చేసుడు వచ్చునా?" రాదు అన్నరు. మూడు నెలల్ల నేర్పాలె అన్న ఒప్పందం మీద లగ్గం అయింది. ఇప్పుడు నవ్వుతున్నరు గని, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, కామారెడ్డి, నిజామాబాద్ దిక్కు ఎన్ని ఇండ్లల్ల ఇదే మాట అడిగిండ్రో ఇక్కడున్న అక్కలను అడుగుండ్రి.

బతుకమ్మకు మాత్రం అవ్వ అదృష్టవంతురాలు. వేములవాడ దిక్కు ఏడొద్దులకే సద్దులు. సిరిసిల్లల తొమ్మిదొద్దులకు. ఏడోనాడు తల్లిగారింట ఆడి, తంగేడు పువ్వు సంచిల పెట్టుకొని వచ్చి తొమ్మిదోనాడు అత్తగారింట ఆడేది. యేడాదికి రెండు సద్దులు. ఇంక దేనిలనూ ఆమెకు రెండు పాళ్లు రాలేదు.

బీడీ చేసుడు ఎట్లుంటదో ఇక్కడున్న ఆడోళ్లకు చెప్పవలసిన పని లేదు. పట్నం నుంచి వచ్చిన విద్యార్థుల కొరకు చెప్తున్నం. తునికాకు తెచ్చి రాత్రి తడుపాలె. పొద్దుగాల రేకు పెట్టి కత్తిరించాలె. చాట ఒళ్లె పెట్టుకొని, ఆకుల తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మల్సాలె. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట, నలుబై కట్టలకు వెయ్యి. ఎప్పుడు చూసినా వంగిన నడుము, తంబాకు దుమ్ము, దగ్గు. కంపెనోళ్లు ఆకు తక్కువ తూకం ఇచ్చి బీడీలు నిండుగ అడిగేది. తక్కువ పడ్డ ఆకు మనమే కొనాలె. సంచి మోసుకొని పోయినంక బాగలేవని పక్కకు తీసేసిన బీడీలకు కూలి లేదు, ఆ బీడీలు వాపసూ ఇయ్యరు. కాలిపోని బీడీ వాళ్లకు ఎందుకు పనికొచ్చిందో మాకు ఇప్పటిదాక సమజ్ కాలె.

అవ్వ లెక్క అంత కట్టల్లనే. చిన్నోడికి అంగి కావాలె అంటే "నూటయాబై కట్టలు" అనేది. డాక్టర్ కాడికి పోతే "నలుబై కట్టలు పోయినయి" అనేది. మాకు ఎక్కాలు రాకముందే ఇరవై అయిదో ఎక్కం వచ్చింది.

పి.ఎఫ్. ముచ్చట ఒక్కటి చెప్పి ముందుకు పోతం. బీడీ పరిశ్రమకు పి.ఎఫ్. 1977ల పెట్టిండ్రు. యజమానులు కోర్టుకు పోయిండ్రు. ఇంట్ల కూసోని చేసేటోళ్లు మా కార్మికులే కాదన్నరు. 1985ల సుప్రీంకోర్టు కార్మికులే అని తేల్చింది. అవ్వ చేతికి పుస్తకం రానికి మాత్రం ఇంక మస్తు యేండ్లు పట్టింది. వచ్చిన పుస్తకంల ఆమె పేరు ఒక తీరు, రేషన్ కార్డుల ఒక తీరు, ఓటరు కార్డుల ఇంకో తీరు. రాసినోడు ఎవడూ 'నీ పేరు ఏంది' అని మళ్ల అడగలేదు. వాని చెవికి ఇనవడ్డది వాడు రాసుకున్నడు. ముగ్గురు ఆడోళ్లు ఒక్క మనిషి అని రుజువు చేసేతందుకు, తాలూకా ఆఫీసుల పని చేసే కొడుకు ఉండి కూడ, రెండేండ్లు తిరిగినం. నౌకరిల ఉన్నోళ్లం మాకే గట్లయితే కొడుకు లేని బీడీ కార్మికురాలి సంగతేంది? ఈ మాట మా ఉద్యోగ మిత్రులను ఉద్దేశించే చెప్తున్నం. కుర్చీల మనోళ్లు కూసున్నంక కూడ పేరు సరిగ రాసుకునే పని మిగిలే ఉన్నది.

1969ల అవ్వకు అన్న మూడేండ్ల పిలగాడు. అప్పటి మాటలు ఆమెకు పెద్దగ గుర్తు లేవు. ఒక్కటే గుర్తు. కరీంనగర్‌ల చదువుకునే ఆమె తమ్ముడు, మా మామ, బడి బందయి ఇంటికి వచ్చిండు. చదువు యేడాది పోయింది. అందరికీ పోయింది. తర్వాత యేడు మళ్ల పోతననుకున్నడు, పోలేదు, మగ్గం గుంటల దిగిండు. ఆయనకు నౌకరి లేదు, తెలంగాణా రాలేదు. "వానికి ఒక యేడు బాకీ ఉన్నది" అని అవ్వ అనేది. ఎవలు బాకీ అని మేం అడగలేదు.

1978ల సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిండ్రు. మా బాపు ఏ సంఘంల లేడు. సాంచాల కార్ఖానల రాత్రి పాళి చేసి వస్తుంటే రెండు సార్లు ఆపిండ్రు. బాపు రాకుంటే అవ్వ దీపం పెట్టుకొని అరుగు మీద బీడీలు చేసుకుంట కూసునేది. పోలీసు జీపు వస్తే లోపటికి ఉరుకక పోయేది. ఉరికితే అనుమానపడుతరు, బీడీలు చేసే ఆడిదాన్ని ఎవలు చూస్తరు అనేది. 1989ల బాపు పోయిండు. ఊపిరితిత్తులు. దూది పోగులల్ల ముప్పై యేండ్లు.

అంతకు ముందే అన్న బీవండికి పోయిండు. సిరిసిల్లల ఎవలింట్ల బీవండి లేదు? ఒక తమ్ముడో, బామ్మర్దో, అల్లుడో అక్కడి సాంచాల మీద ఉన్నోడే. పద్మనగర్‌కు పోతే సగం సిరిసిల్ల అక్కడ్నే కనవడ్తది. 1984 మే నెలల బీవండిల మతకల్లోలాలు అయినయి. రేడియోల చెప్పిండ్రు. ఇంట్ల ఫోన్ లేదు, ఉత్తరం లేదు. అవ్వ చాట పట్టుకొని బస్టాండుల కూసున్నది. అక్కడికెల్లి వచ్చి దిగినోళ్లను దిగినట్టే అడిగింది. పదకొండొద్దులు. పన్నెండోనాడు అన్న వచ్చిండు, చేతిల సంచి కూడ లేదు. అవ్వ ఏడ్వలేదు. "కట్టలు లెక్కపెట్టు, నేను అన్నం పెడ్త" అన్నది. బస్టాండుల కూసున్న పదకొండొద్దులల్ల చేసిన కట్టలు. అన్న లెక్క పెట్టుకుంట ఏడ్సిండట. వాడు ఇక్కడ్నే ఉన్నడు, తల వంచుకున్నడు సూడుండ్రి.

2000 తర్వాతి యేండ్లు ఈ పట్నానికి చానా గడ్డు కాలం. పేపర్లల్ల సిరిసిల్ల కాదు ఉరిసిల్ల అని రాసిండ్రు. నూలు ధర, కరెంటు బిల్లు, అప్పు. పొద్దున లేస్తే ఏ వాడల ఎవలు అని భయం. నాయకులు వచ్చిండ్రు, ఫొటోలు దిగిండ్రు, పోయిండ్రు. అవ్వ ఏం చేసేదంటే, మనిషి పోయిన ఇంటికి మూడోనాడు తన చాట, ఆకు పట్టుకొని పోయేది. పోయినాయన భార్య పక్కన కూసునేది. ఓదార్పు మాటలు ఆమెకు చేతకాకపోయేది. ఊకె కూసోని బీడీలు చేసేది. కొంచెం సేపటికి ఆ ఆడిది కూడ చెయ్యి చాపి ఆకు అందుకునేది. మాపటికి ఆ కట్టలన్ని ఆ ఇంట్లనే పెట్టి వచ్చేది. గట్ల ఎన్ని ఇండ్లకు పోయిందో మాకు లెక్క తెల్వది. దినాల నాడు మేం ఎన్నడు చూడని ఆడోళ్లు వచ్చి ఏడుస్తుంటే అప్పుడు తెలిసింది.

ఇగ 2009. మా అన్న కొడుకు ఉస్మానియాల చదువుతున్నడు. నవంబర్ 29 నాడు కేసీఆర్‌ను దీక్షకు పోతుంటే అరెస్టు చేసిండ్రు. అదే దినం ఎల్బీనగర్‌ల శ్రీకాంతాచారి ఒంటి మీద అగ్గి పెట్టుకున్నడు. డిసెంబర్ 3 నాడు పాణం ఇడిసిండు. టీవీల ఆ మంట చూసిన సంది బాపమ్మకు, పిల్లలకు ఆమె బాపమ్మనే, నిద్ర లేదు. రోజు మాపటికి మనుమనికి ఫోన్. మొదటి మాట "తిన్నవా?" రెండో మాట "ఒట్టు పెట్టు." ఏం ఒట్టు బాపమ్మా అంటే "తెలంగాణ కొరకు ఏమన్న చేయి. రాళ్లు ఇసురు, దెబ్బలు తిను, జైలుకు పో, చదువు ఒక యేడు పోనీ. సావ మాత్రం సావనని ఒట్టు పెట్టు." రోజూ పెట్టించుకునేది. నిన్న పెట్టిన కదా అంటే నిన్నటిది నిన్నటికే అనేది. డిసెంబర్ 9 రాత్రి చిదంబరం ప్రకటన వచ్చింది. వాడంత పటాకులు కాలుస్తున్నరు. ఆమె ఫోన్ పట్టుకొని "ఇయ్యాల కూడ పెట్టు" అన్నది. డిసెంబర్ 23 నాడు మాట మారిపోయింది. అప్పుడు తెలిసింది, ముసలామెకు ఢిల్లీ సంగతి మాకంటే బాగ తెలుసునని.

ఆ పిలగాడు బతికి ఉన్నడు. ఇక్కడ కుర్చీలు ఏస్తున్నోడు వాడే. వాని రూంల ఉన్న దోస్తు లేడు. ఆ పిలగాని తల్లి కూడ బీడీలు చేసేదే. ఆమె ఇయ్యాల వచ్చింది, ముందటి వరుసల ఉన్నది. పేరు చెప్పద్దన్నది.

సకల జనుల సమ్మె గురించి చెప్పకుంటే అవ్వ గురించి చెప్పినట్టు కాదు. 2011 సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాక, 42 దినాలు. మా ఇంట్ల ఒక్కరు ఉద్యోగి. జీతం బంద్. పైన దసర అక్టోబర్ 6 నాడు. గని మా ఇంట్ల అసలు కష్టం జీతం కాదు. సింగరేణి కార్మికులు సమ్మెల దిగిండ్రు, బొగ్గు ఆగింది, కరెంటు కోతలు మొదలైనయి. కరెంటు లేక సాంచాలు ఆగినయి. అన్న కూలి పోయింది. ఒక్క ఇంట్ల తమ్ముడు చేసిన సమ్మెకు అన్న పస్తు. "నీ నౌకరి నీకు రేపు వస్తది, 42 దినాల జీతం కూడ రేపు ఎట్లనో వస్తది. నా కూలి ఎవడిస్తడు? తెలంగాణ మీ నౌకర్లోళ్లకా, మాకా?" అని అన్న అడిగిండు. తమ్ముని దగ్గర జవాబు లేదు. ఇద్దరు మాట్లాడుకోవడం బంద్ అయింది. ఇది దాచుకోవలసిన ముచ్చట కాదు, చానా ఇండ్లల్ల అయింది.

అవ్వ ఇద్దరినీ కూసోబెట్టి నీతులు చెప్పలేదు. "బీడీకి కరెంటు లేదు" అన్నది. అంతే. రోజుకు అయిదు వందలు చేసేది ఏడు వందలు చేసింది. అరవై దాటిన మనిషి. అక్క, వదిన, తమ్ముని పెండ్లాం అందరూ చాటలు పట్టుకున్నరు. సమ్మె శిబిరం కాడ వంటావార్పు నాడు రోడ్డు మీద పొయ్యి పెట్టి సర్వపిండి కాలుస్తున్న పక్కనే చాట ఉన్నది. సమ్మె అయినంక ఒక రోజు లెక్క చెప్పింది. "ఏడు వందల లెక్కన 42 దినాలకు ఇరవై తొమ్మిది వేల నాలుగు వందల బీడీలు. ఇండ్ల సగం పెద్దోనివి, సగం చిన్నోనివి. తెలంగాణ వచ్చినంక ఇద్దరు పంచుకోండ్రి." అన్నదమ్ములు నవ్విండ్రు. మాటలు కలిసినయి. గని అన్న అడిగిన ప్రశ్న అట్లనే ఉన్నది. ఉద్యోగ సంఘాల మిత్రులు నొచ్చుకోవద్దు. మా ఇంట్లనే జవాబు దొరకలేదు గనుక మీ ముందర పెడుతున్నం.

తెలంగాణ వచ్చినంక అవ్వ ఏం అన్నది అని చానామంది అడుగుతరు. సంబురపడ్డది. జూన్ 2 నాడు వాకిలి అలికి ముగ్గేసింది. 2015ల బీడీ కార్మికులకు భృతి మొదలైతే వాడకట్టుల ఆడోళ్లను పట్టుకొని దరఖాస్తులు పెట్టించింది, పేరు మూడు తీర్లు ఉన్నోళ్లను ముందుగాల. 2017ల బతుకమ్మ చీర వచ్చింది. కొంగు రెండు వేళ్ల నడుమ పట్టి రాసి, "ఇది మన సాంచ మీదిది కాదు" అన్నది. అవును, ఆ మొదటి యేడు కొన్ని చీరెలు సూరత్ నుంచి తెచ్చిండ్రు. తర్వాత యేండ్లల్ల ఆర్డర్లు ఇక్కడికి వచ్చినయి, అన్నకు పని దొరికింది. ఆ చీరలు కట్టుకున్నది.

రుద్రవరం మధ్య మానేరుల మునిగింది. ముంపు ఊర్లోళ్లు పరిహారం కొరకు యేండ్ల తరబడి ధర్నాలు చేసిండ్రు, ఆ టెంట్లల్ల కూడ అవ్వ కూసున్నది. మానేరుల చెలిమె తోడుకొని బిందెలు మోసిన మనిషి. నీళ్లొస్తే సంబురపడని మనిషి కాదు. నీళ్లు నిండినంక ఒకసారి తీసుకపోయి చూపెట్టినం. ఊరు ఏ దిక్కున్నదో గుర్తు పట్టలేదు. చానా సేపు నిలబడి, "మా మగ్గం గుంట మీదికెల్లి పోతున్న నీళ్లు ఎవల మడిల పడుతయో కనుక్కో కొడుకా" అన్నది. ఇప్పటిదాక కనుక్కోలేదు. ఆ యేడు నుంచి ఆమెకు ఏడొద్దుల బతుకమ్మ లేదు.

చివరి రెండేండ్లు దగ్గు ఎక్కువైంది. డాక్టర్లు తంబాకు ముట్టద్దన్నరు. బీడీ ఎన్నడు తాగని మనిషికి ఆ మాట చెప్పిండ్రు. చాట అటకెక్కించినం. వేళ్లు మాత్రం ఊకోకపోయేది. మంచంల పండుకొని దుప్పటి అంచు చుట్టేది, మల్సేది, ఇప్పేది. లెక్క పెట్టేది. ఇరవై అయిదు కాంగనే కొంచెం సేపు ఆపి మళ్ల ఒకటి నుంచి మొదలు పెట్టేది. పోయిన యేడు ఇదే తిథి నాడు పొద్దుగాల, అక్క పక్కన కూసున్నది. అవ్వ పద్నాలుగు దాక లెక్క పెట్టింది.

కార్డు మీద 'అవ్వ' అనే పడ్డది. ప్రెస్సు పిలగాడు కూడ వచ్చిండు, వాళ్ల నాయినను తీసుకొని వచ్చిండు. మడత కాడ కూసోని ఉన్నరు.

వంట అయింది. అవ్వ తీరుగనే సర్వపిండి కాల్చినం, పచ్చిపులుసు చేసినం. ఆడోళ్లు ముందుగాల కూసోండ్రి, మగోళ్లు వడ్డిస్తరు. శనార్తి.